తవిటమ్మ కుడిచెయ్యి

మా జిల్లాకి ప్రాణబంధం పథకం ఒక తువ్వాలు వల్ల వచ్చింది.

హైవే మీద ఒక లారీ క్లీనరు కాలు మోకాలి కింద నుజ్జయింది. వెనక లారీ డ్రైవరు దిగి, తన మెడలోని తువ్వాలు తీసి ఆ కుర్రాడి తొడకి చుట్టి, ముడిలో స్పానరు దూర్చి మెలితిప్పి, రక్తం ఆపి, పెద్దాసుపత్రికి చేర్చాడు. క్లీనరు బతికాడు. వార్త పేపర్లో వచ్చింది. మంచి పనులకి అక్కడితో ఆగే అదృష్టం ఉండదు. ఆ పేపరు పై అధికారులు కూడా చదివారు.

రెండు నెలలు తిరక్కుండా మా పూసలగుంపాం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రెండు అట్టపెట్టెల నిండా నల్ల పట్టీలు వచ్చాయి. చేతికో కాలికో చుట్టి, దాని మీద ఉన్న పుల్లని తిప్పితే బిగుసుకుంటాయి. మేము చదువుకున్నప్పుడు వాటిని టోర్నికెట్ అన్నారు. సర్క్యులర్‌లో 'బంధన పట్టీ' అని ఉంది. ఊళ్ళోవాళ్ళు చూసిన వెంటనే బెల్టు అన్నారు. అదే నిలిచింది.

నేను అక్కడ కాంట్రాక్టు స్టాఫు నర్సుని. మా డాక్టరు ప్రహరాజు గారు ఒక పట్టీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది మంచి వస్తువే సుగుణా. చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతుంటే ఇదే దేవుడు. కానీ కట్టిన టైము రాయాలి. రెండు గంటలు దాటితే కండలూ నరాలూ చచ్చిపోతాయి. వదులుగా కడితే మరీ ప్రమాదం, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. చిన్న గాయానికి కడితే ఎలుక బాధకి ఇల్లు తగలబెట్టుకున్నట్టే."

తర్వాత సర్క్యులర్ చదివారు. చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

'రక్తస్రావముతో కేంద్రమునకు విచ్చేయు ప్రతి లబ్ధిదారునకు, గాయము యొక్క పరిమాణముతో నిమిత్తము లేకుండా, ఐదు నిమిషములలోపు బంధన పట్టీ కట్టవలెను. కేంద్రమునకు నెలకు నలభై బంధనములు లక్ష్యముగా నిర్ణయించడమైనది.'

ఆ వారం వీడియో సమావేశం జరిగింది. జిల్లా ప్రాణబంధ నోడల్ అధికారి త్రివిక్రమరావు గారు గంటంబావు మాట్లాడారు. అంతకు ముందు ఆయన మరుగుదొడ్ల ఫొటోల విభాగం చూసేవారట. ఆయన వెనక బ్యానరు మీద బిగించిన పిడికిలి బొమ్మ ఉంది.

"ప్రతి రక్తపు బొట్టూ ప్రభుత్వ దృష్టిలో సమానమే. పెద్ద గాయం, చిన్న గాయం అనే వివక్ష మనకు తగదు," అన్నారాయన.

మా డాక్టరు గారు చెయ్యెత్తారు. "సార్, చిన్న గాయమైతే గుడ్డ పెట్టి పది నిమిషాలు గట్టిగా అదిమితే చాలండి. పట్టీ అక్కర్లేదు."

"డాక్టరు గారూ, గుడ్డ పెట్టి అదమడానికి మన పోర్టల్‌లో కాలమ్ లేదు."

పక్క మండలం నుంచి ఒక సిస్టరు అడిగింది. "సార్, ముక్కులోంచి రక్తం కారితే ఎక్కడ కట్టాలండి?"

తెర మీద నలభై మూడు చిన్న చిన్న గళ్ళు. అందరం ఒకే చోటు గురించి ఆలోచిస్తున్నామని నాకనిపించింది.

"తదుపరి స్పష్టత ఇవ్వబడును," అన్నారు త్రివిక్రమరావు గారు.

మూడో రోజుకి స్పష్టత వచ్చింది. 'ముక్కు, పన్ను, చెవి మున్నగు బంధనయోగ్యము కాని స్థానముల నుండి రక్తస్రావమైనచో, సమీపమున గల చేతికి కట్టవలెను. మెడకు కట్టరాదు.'

డాక్టరు గారు ఆఖరి వాక్యం దగ్గర ఆగారు. "ఎక్కడో ఎవరో కట్టేసి ఉంటారు," అన్నారు.

పథకం గురించి ఊళ్ళలో అవగాహన కల్పించాలి గనక నేను మేదర వీధికి వెళ్ళాను. అక్కడ పగలంతా వెదురు చీలుస్తారు. వెదురు బద్ద అంచు బ్లేడుకేమీ తీసిపోదు. ఆ వీధిలో గాయం లేని చెయ్యి ఉండదు. లక్ష్యం నలభై కాదు, నాలుగు వందలైనా ఆ ఒక్క వీధిలోనే పూర్తవుతుంది.

తవిటమ్మ చాట అల్లుతూనే నా మాటలు విన్నది. ఈమధ్యే అరవై ఏళ్ళు నిండాయి. నిరుడు ఆమె భర్త గురువులుకి పాము కరిస్తే పిక్క మీద కొబ్బరి తాడు బిగించి కట్టి, బస్సు దొరక్క మధ్యాహ్నం దాకా అలాగే ఉంచి తెచ్చారు. విషం విరిగింది గానీ తాడు బిగువుకి కాలి వేళ్ళు పోయాయి. అప్పటి నుంచి అతను గుమ్మంలో కూర్చుని పుల్లలు నున్నగా చెక్కడం తప్ప ఏమీ చేయలేడు. ఇల్లు గడిచేది తవిటమ్మ కుడిచేతి మీద.

"ఏటి పాపా," అంది తవిటమ్మ. "నిరుడు తాడు కట్టినానని ఊరందరి ముందరా నన్ను తిట్టినావు. కడితే రకతం ఆగిపోయి కాలు సచ్చిపోద్ది అన్నావు. ఈ ఏడు నువ్వే బెల్టు ఒట్టుకొచ్చి కడతానంటన్నావు."

"అది పాముకాటు పిన్నీ. దానికి కట్టకూడదు. ఇది రక్తం కారితే."

"రకతం కారితే గుడ్డెట్టి నొక్కుకోమని కూడా నువ్వే సెప్పినావు."

"అప్పుడు చెప్పాను."

"ఇప్పుడు నిజం మారిపోనాదేటి?"

వీధి వీధంతా నవ్వారు. నేను కరపత్రాలు పంచి వచ్చేశాను.

దాని ఫలితం ఏమిటంటే, మేదర వీధిలో ఎవరికి గాయమైనా పసుపు అద్దుకుని ఇంట్లోనే కూర్చోవడం మొదలుపెట్టారు. నెలాఖరుకి మా కేంద్రంలో ఏడు బంధనాలే జరిగాయి. అందులో రెండు పన్ను పీకించుకున్నవాళ్ళవి. లక్ష్యం చేరని కేంద్రాల పేర్లు ఎర్రరంగులో వస్తాయి. ఎరుపు వస్తే కాంట్రాక్టు వాళ్ళకి పొడిగింపు ఉండదు.

అందుకని మా వాచ్‌మన్ అప్పలనర్సయ్య చెయ్యి వాడుకున్నాం. అతని చేతికి పట్టీ చుట్టి, ఎర్ర మందు పూసి, ఒక్కోసారి ఒక్కో గోడ ముందు నిలబెట్టి ఫొటో తీశాం. ఫొటోలు బాగా వచ్చాయి. పక్క కేంద్రం వాళ్ళు అడిగితే వాళ్ళకీ పంపించాం. తర్వాతి నెల సమీక్షలో, జిల్లాలో ముప్ఫై ఒక్కమంది లబ్ధిదారులకి ఒకే చోట పుట్టుమచ్చ ఉందని త్రివిక్రమరావు గారు కనిపెట్టారు.

రెండో సర్క్యులర్ అలా పుట్టింది. ఇక నుంచి పట్టీ కట్టగానే దానికి నంబరు ఉన్న ప్లాస్టిక్ సీలు వేయాలి, ఎన్నికల పెట్టెకి వేసినట్టు. సీలు తెంచాలంటే పోర్టల్ అనుమతి కావాలి. అనుమతి రావాలంటే లబ్ధిదారు వేలిముద్ర వేయాలి. వేరే మనిషి వేలు వేయించకుండా, ఏ చేతికి కట్టు ఉందో ఆ చేతి బొటనవేలే, కట్టు ఉండగానే, యంత్రం మీద పెట్టాలి. కాలికి కడితే కాలి బొటనవేలు. మైనపు వేళ్ళతో మోసం జరగకుండా, ఆ యంత్రం వేలిలో రక్తం ఆడుతోందో లేదో కూడా చూస్తుంది.

డాక్టరు గారు ఈసారి వీడియో సమావేశంలో చెయ్యెత్తలేదు. నేరుగా మాట్లాడారు.

"సార్, కట్టు కట్టేదే చేతికి రక్తం ఆడకుండా. ఆడుతోందని ఆ వేలు ఎలా చూపిస్తుందండీ?"

త్రివిక్రమరావు గారు చిరునవ్వు నవ్వారు. "యంత్రం తొంభై తొమ్మిది శాతం ఖచ్చితమైనది. కంపెనీ వారి ధ్రువపత్రం నా వద్ద ఉంది. సీలు అనుమతి లేకుండా తెంచినచో ప్రభుత్వ ఆస్తి ధ్వంసముగా పరిగణించబడును."

సీళ్ళ కట్ట, యంత్రం, రక్తం కనబడితే ఎర్ర దీపం వెలిగే గోడ కెమెరా సోమవారం వచ్చాయి. బుధవారం ఉదయం పది ఇరవైకి తవిటమ్మ వచ్చింది.

వెదురు చీలుస్తుంటే బద్ద ఎగిరి కుడి అరచెయ్యి చీరుకుంది. పసుపుతో ఆగలేదు. కొంగు చుట్టుకుని నడిచి వచ్చింది. గాయం నా చిటికెనవేలంత పొడవుంటుంది, లోతు లేదు. నేను గుడ్డ పెట్టి అదిమాను. రక్తం అప్పటికే నెమ్మదించింది. ఇంతలో గోడ మీద కెమెరా కింద ఉన్న ఎర్ర దీపం వెలిగింది. ఐదు నిమిషాల గడువు మొదలైందని అర్థం.

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరం కెమెరా వైపు చూశాం. నేను పట్టీ కట్టాను. వదులుగా కడితే పట్టీ మీద ఆకుపచ్చ గుర్తు రాదు, గుర్తు లేనిదే సీలు పడదు. బిగించి కట్టాను. డాక్టరు గారు గాయానికి కుట్లు వేశారు. మొత్తం పావుగంట పని.

"సరే పిన్నీ, ఈ యంత్రం మీద వేలు పెట్టు. విప్పేస్తాను."

తవిటమ్మ వేలు పెట్టింది. యంత్రం కాసేపు ఆలోచించింది. 'సజీవ వేలు కనబడలేదు' అని రాసింది.

మళ్ళీ పెట్టింది. కనబడలేదు. వేలు తుడిచాం. కొబ్బరినూనె రాశాం. వేణ్ణీళ్ళ సీసా పెట్టి వేడి చేశాం. డాక్టరు గారు స్వయంగా ఆ వేలిని నలిపారు. వేలు మైనంలా తెల్లగా ఉంది.

"ఎడం సేతి ఏలు ఎడతాను పాపా, అది ఎచ్చగుంది."

"కుడి చెయ్యి అని ఎక్కించాం పిన్నీ. కుడిదే అడుగుతుంది."

జిల్లా సహాయ కేంద్రానికి ఫోను చేశాను. మీరు వరుసలో పన్నెండో వారు అంది ఒక గొంతు. సన్నాయి పాట మొదలైంది. పెళ్ళి పాట. పదకొండున్నరకి ఎనిమిదో వాళ్ళమయ్యాం. తవిటమ్మ బల్ల మీద కూర్చుని తన చేతిని ఎవరి చేతినో చూసినట్టు చూస్తోంది. మొదట నొప్పి అంది. తర్వాత తిమ్మిరి అంది. తర్వాత ఏమీ అనలేదు. నాకు దానికే భయం వేసింది.

"గురువులు కాలు ఇలగే తెల్లబడ్డాది మొదాట," అంది కాసేపటికి. గొంతులో దెబ్బలాట లేదు. "తరవాత నీలం. నల్లబడీసరికి మీరు తాడిప్పినారు. పాపా, ఈ సెయ్యి పోతే మా ఇంట్ల అన్నం ఎవులు ఒండుతారో సెప్పు."

డాక్టరు గారు లేచి, గోడ మీద క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు.

"సుగుణా, ఈ నెలలో సెలవులు ఎన్నున్నాయో లెక్కపెడుతున్నాను. లెక్కపెట్టేటప్పుడు నాకు ఇంకేమీ కనబడదు."

నేను కట్లు కోసే కత్తెర తీసుకుని పట్టీని సీలుతో సహా కత్తిరించాను. పదకొండు నలభై ఐదు. గంటా ఇరవై నిమిషాలైంది కట్టి. చెయ్యి ఎర్రబడి, తిమ్మిరి విరిగి, తవిటమ్మ పళ్ళు బిగపట్టి కాసేపు ఏడ్చింది. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకుంది. అన్నీ కదిలాయి.

"క్యాలెండర్లో రెండే సెలవులున్నాయి," అన్నారు డాక్టరు గారు ఇటు తిరుగుతూ.

ఫోనులో అప్పటికి మేము నాలుగో వాళ్ళం.

పోర్టల్‌లో మాత్రం కట్టు ఉండిపోయింది. వేలు పడలేదు గనక విప్పినట్టు కాదు. గంటలు పెరుగుతూ పోయాయి. పన్నెండు గంటలు నిండాక పసుపు రంగు, రోజు దాటాక ఎరుపు. ఇరవై రెండు రోజులకి 'తవిటమ్మ, కుడిచెయ్యి, ఐదు వందల ఇరవై ఎనిమిది గంటలు' అని జిల్లా తెర మీద మెరవడం మొదలైంది. రాష్ట్రం మొత్తంలో అంతసేపు పెండింగులో ఉన్న అవయవం మరొకటి లేదు. ఇరవై మూడో రోజు త్రివిక్రమరావు గారు జీపు వేసుకుని, ఒక కంప్యూటరు మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు.

కత్తిరించిన పట్టీని వేళ్ళ చివర్లతో ఎత్తి చూశారు. నాకు మెమో ఇచ్చారు. తర్వాత పరిష్కారం చెప్పారు.

"లబ్ధిదారును పిలిపించండి. మరల కట్టి, నిబంధనల ప్రకారం విప్పుదాం. రికార్డు సక్రమమవుతుంది."

తవిటమ్మ వచ్చింది. గాయం మానిపోయింది, సన్నటి గీత మిగిలింది. విషయం విని చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది.

"మళ్ళీ కడతారా?"

"లాంఛనప్రాయంగా మాత్రమే అమ్మా. ఐదు నిమిషములు."

"ఆ పాపా ఏలెడితే ఇప్పేత్తానన్నాది బాబూ. మీ యంత్రానికి నా ఏలు బతికున్నాదో సచ్చిందో తెల్దు. నాకు తెలుసు. నానియ్యను."

"ఇది ప్రభుత్వ కార్యము. మీరు సహకరించవలెను."

"సహకరిత్తాను. ఎడం కాలికి కట్టండి. అది ఒట్టినే ఉన్నాది."

త్రివిక్రమరావు గారు ఆ ప్రతిపాదనని నిజంగానే పరిశీలించారు. కంప్యూటరు మనిషిని అడిగారు. రికార్డులో కుడిచెయ్యి అని ఉంది సార్, కాలు కుదరదు, అన్నాడతను. చెయ్యి వీపు వెనక నుంచి ముందుకి రాలేదు. నేను తవిటమ్మ పక్కన నిలబడ్డాను. మెమో ఎలాగూ వచ్చేసింది గనక నాకు కొంచెం తీరిగ్గా ఉంది. డాక్టరు గారు ఆమెకి రెండో పక్కకి వచ్చి నిలబడ్డారు. ఈసారి క్యాలెండరు వైపు వెళ్ళలేదు.

"సార్, నేను ఈ కట్టు కట్టను. కట్టనివ్వను. కారణం కేస్ షీట్‌లో రాస్తాను," అన్నారు.

"వేలు వేయకుండా కేసు మూసే మార్గం లేదా?" అని త్రివిక్రమరావు గారు కంప్యూటరు మనిషిని అడిగారు. ఆయన గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా ఉంది. మర్నాడు రాష్ట్ర సమీక్ష ఉందట.

"జిల్లా లాగిన్‌లో రెండు ఉన్నాయి సార్. వాటికి వేలు అడగదు." అతను తెర మీద చూపించాడు. "మూడో నంబరు, అవయవము తొలగించబడినది. నాలుగో నంబరు, లబ్ధిదారు మరణించినారు."

గదిలో అందరం తవిటమ్మ వైపు చూశాం.

"సావొద్దు బాబూ," అంది తవిటమ్మ. "మొన్నే పింఛనుకి రాయించుకున్నాను."

"మూడు అంటే నిజంగా ఏమైనా చేస్తారా?" అన్నాను నేను.

"నొక్కడమే సిస్టర్."

త్రివిక్రమరావు గారు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, మూడు నొక్కారు. ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. 'అవయవము తొలగించబడినది. సేవలు వినియోగించుకున్నందుకు ధన్యవాదములు.' తవిటమ్మ వీపు వెనక నుంచి చెయ్యి తీసి ఆయనకి దండం పెట్టింది. ఆయన ప్రతినమస్కారం చేసి జీపెక్కారు. నా మెమో సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తీసేసిన చేతికి కట్టు ఎవరు కత్తిరించారన్నది అప్రస్తుతం కదా.

మర్నాటి సమీక్షలో పెండింగు లేని ఏకైక జిల్లా మాదే. పెండింగు తగ్గించడానికి మూడో నంబరు అన్ని కేంద్రాలకీ ఇచ్చారు. దాని సంగతి మేదర వీధికి చేరడానికి సాయంత్రం కూడా పట్టలేదు.

మర్నాడు ఉదయం గాయాలు లేనివాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా మా కేంద్రం ముందు వరుస కట్టారు. కేసు తెరవడం, మూడు నొక్కడం. పట్టీ తీయక్కర్లేదు, సీలు అక్కర్లేదు. లేని చేతికి ఎవరూ కట్టలేరు. రోజుకి పది చొప్పున నలభై నాలుగు రోజుల్లో పూర్తయింది. చేతులే కాదు, వడ్రంగి ఒకాయన రెండు కాళ్ళూ తీయించుకున్నాడు. మా వాచ్‌మన్ పుట్టుమచ్చ ఉన్న చెయ్యి తీయించుకున్నాడు. ఆసుపత్రికి గాయాలతో రావడానికి జనం భయపడటం మానేశారు. అవయవాలు లేని మండలాల్లో మేమే మొదటి స్థానంలో ఉన్నామని, ఇది పథకం విస్తృతికి నిదర్శనమని త్రివిక్రమరావు గారు సమీక్షలో చెప్పారట.

డాక్టరు గారు సీలు వేయని రెండు పట్టీలు తన బల్ల సొరుగులో పెట్టుకున్నారు. నిజంగా తెగిన కాలు వస్తే వాడటానికి. వాటిని ఏ పోర్టల్‌కీ చెప్పలేదు.

తవిటమ్మకి ఎడమ చెయ్యి కూడా తీసేస్తానన్నాను. ఒప్పుకోలేదు. రెండూ పోతే బియ్యం దుకాణంలో ఏ వేలు వెయ్యాలని ఆమె బెంగ.

తర్వాతి నెల ఒక శుక్రవారం ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. కుడిచేత్తో కత్తి పట్టుకునే మనిషికి తెగేది ఎడమ చెయ్యే. గుడ్డ తడిసిపోయి బొట్లు పడుతున్నాయి. గోడ మీద ఎర్ర దీపం వెలిగింది.

"పిన్నీ, ఇప్పుడేం చెయ్యమంటావు?"

"బియ్యం సంగతి సెప్పు ముందర."

"ఆ కంప్యూటరు వేరు, ఈ కంప్యూటరు వేరు. వాటికి ఒకదానితో ఒకదానికి మాటల్లేవు."

తవిటమ్మ ఎడమ చెయ్యి ముందుకి చాపింది. "అయితే బేగి తీసీ పాపా. రకతం కారిపోతంది."

డాక్టరు గారు ఆమె చేతి మీద గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకున్నారు. నేను కేసు తెరిచి, ఎడమ చెయ్యి అని ఎక్కించి, మూడు నొక్కాను. దీపం ఆరిపోయింది.

తర్వాత ఆ చేతికి నాలుగు కుట్లు వేశాం.